సెకిరో అనే వీడియోగేమ్‌లో గెనిచిరో అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర పన్నెండు రోజులుగా ఆగిపోయాను. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి

రాత్రి_పదకొండు
అషినా కోట పైఅంతస్తు, గెనిచిరో. ఇవాళ్టికి పన్నెండు రోజులు. పాప పడుకున్నాక పదకొండింటికి కూర్చుంటాను, పన్నెండు దాటితే పొద్దున లేవలేను. ఆ గంటలో ఎనిమిది తొమ్మిది సార్లు చస్తున్నాను. ఇతన్ని వరసగా మూడు ఫేజ్‌ల్లో, అంటే మూడు దశల్లో ఓడించాలి. మొదటి ఫేజ్ ఇప్పుడు పదిసార్లలో ఆరుసార్లు దాటుతున్నాను. రెండోది మొదలవగానే వేళ్లు బిగుసుకుపోతాయి. మూడో ఫేజ్‌ని వీడియోల్లో చూడటమే తప్ప నేనింతవరకు అక్కడిదాకా వెళ్లలేదు.

నేను ఆడే పద్ధతి ఇదీ. దూరంగా ఉంటాను. అతని కాంబో (వరస దెబ్బలు) అయ్యేదాకా వెనక్కి జరుగుతూ ఉండి, అయ్యాక ఒకటో రెండో దెబ్బలు వేసి మళ్లీ వెనక్కి. గుర్రం మీద వచ్చే గ్యోబుని ఇలాగే కొట్టాను. ఇతను మాత్రం నేను దూరం జరగగానే బాణాలు వేస్తాడు, ప్రాణం నింపే మందు తాగబోతే మీద పడతాడు. అన్నిటికంటే బాధ ఏంటంటే, పైకి ఎగిరి దూకి కొట్టాక ప్రమాదకరమైన దెబ్బ వస్తోందని తల మీద ఎర్ర అక్షరం వస్తుంది కదా, ఆ తర్వాత వచ్చేది పొడుపో, కాళ్ల మీద కోతో నాకు తెలియడం లేదు. దాదాపు ప్రతిసారీ తప్పు బటనే నొక్కుతున్నాను.

పీఎస్4, 32 అంగుళాల టీవీ. ఆట అమ్మేయమని సలహా ఇవ్వకండి. నాకు ఇది చాలా నచ్చింది, గెలిచే ముందుకు వెళ్లాలి.

బెజవాడ_బటన్
బ్రో, అందరూ అక్కడే ఆగారు. నాకు 4 రోజులు పట్టింది. మికిరి (పొడుపును కాలితో తొక్కేసే ఎదురుదెబ్బ) నేర్చుకున్నావా లేదా?

రాత్రి_పదకొండు
నేర్చుకున్నాను. చిన్న శత్రువుల మీద బాగానే వస్తుంది, ఇతని మీద రాదు. బ్రో కాదు, అక్క అనండి.

బెజవాడ_బటన్
సారీ అక్కా. పొడుపు వచ్చేటప్పుడు నువ్వు స్టిక్ వెనక్కి లాగి పట్టుకుని సర్కిల్ నొక్కుతున్నావేమో చూసుకో. వెనక్కి లాగితే మికిరి పడదు, మామూలు డాడ్జ్ (తప్పించుకోవడం) అయిపోతుంది. స్టిక్ వదిలేయాలి, లేదంటే అతని వైపు తొయ్యాలి. వెనక్కి వెనక్కి జరిగే అలవాటు ఉన్నవాళ్లందరికీ ఇదే సమస్య.

ఓరుగల్లు_కత్తి
ముందు అక్కడి నుంచి వెళ్లిపోయి బలం పెంచుకో అక్కా. హిరాటా ఎస్టేట్‌లో లేడీ బటర్‌ఫ్లై అనే బాస్ అయిందా? ఆమెను గెలిచి వచ్చే జ్ఞాపకం తెస్తే అటాక్ పెరుగుతుంది. ప్రేయర్ బీడ్స్ అనే పూసలు నాలుగు కలిస్తే వైటాలిటీ (ప్రాణం), పోస్చర్ (నిలదొక్కుకునే బలం) రెండూ పెరుగుతాయి. మందు బుడ్డికి గింజలు ఎన్ని దొరికాయి? బలం లేకుండా తలకాయ గోడకేసి కొట్టుకోవడం దేనికి.

పాత_కంట్రోలర్
ఓరుగల్లు చెప్పింది తప్పని కాదు కానీ, ఈ ఆటలో బలం పెంచుకోవడం వల్ల వచ్చే తేడా కొంచెమే. డార్క్ సోల్స్ ఆటలోలా లెవెల్స్ పెంచుకుని వచ్చి బాదేయడం ఇక్కడ కుదరదు. ఆమె రాసిన రెండో పేరా మళ్లీ చదువు. రోగం అక్కడ ఉంది. దూరంగా ఉంటున్నారు. పోస్చర్ బార్ అనేది ఎలా పనిచేస్తుందో చూడండి: అది నిండితే అతని నిలకడ పోయి చంపే దెబ్బకు దొరికిపోతాడు. కానీ మీరు నాలుగు అడుగులు వెనక్కి వెళ్తే మీరు కష్టపడి నింపిన అతని పోస్చర్ మొత్తం ఖాళీ అయిపోతుంది. అతని వైటాలిటీ నిండుగా ఉన్నంతసేపు అది ఇంకా తొందరగా దిగుతుంది. అందుకే మొదట వైటాలిటీ సగానికి తేవాలి, తెచ్చాక మీద పడి ఊపిరి తీసుకోనివ్వకూడదు. మీరు చేస్తున్నది కుండకు చిల్లు పెట్టి నీళ్లు పోయడం లాంటిది.

ఓరుగల్లు_కత్తి
గింజలు తెచ్చుకుంటే మందు ఒకసారి ఎక్కువ తాగొచ్చు కదా, అది కొంచెమా?

పాత_కంట్రోలర్
తాగనిస్తే కదా.

డాలస్_బావ
పటాకులు వాడండి. మన పాత్ర చేతికి బిగించుకునే ఆయుధాల్లో ఫైర్‌క్రాకర్ ఉంటుంది. ముఖం మీద పేల్చితే గెనిచిరో ఒక్క క్షణం తడబడతాడు, ఆ సందులో రెండు మూడు దెబ్బలు. నేను రెండో ఫేజ్ అంతా దాంతోనే లాక్కొచ్చాను.

స్వాతి_ఆర్1
పటాకుల పద్ధతి నేనూ వాడాను, చెప్పనా ఏమైందో? పటాకులు పేల్చినప్పుడల్లా ఖర్చయ్యే ఎంబ్లమ్స్ అయిపోయాయి. చచ్చిన ప్రతిసారీ తగ్గిపోతూ, చివరికి డబ్బులు పెట్టి కొనుక్కోవడానికి వెనక్కి వెళ్లి చిన్నవాళ్లను చంపుకుంటూ కూర్చున్నాను. పదకొండు నుంచి పన్నెండు దాకా ఒక్క గంటే ఉన్నవాళ్లకు ఆ పని పెట్టకండి.

డాలస్_బావ
అవును, అది నిజమే. గంటే అంటే కష్టం.

నరసాపురం_లేసు
ఒక చిన్న ప్రశ్న. సౌండ్ పెట్టుకుని ఆడుతున్నారా?

రాత్రి_పదకొండు
లేదండీ. మ్యూట్. హాల్లోనే పాప ఉయ్యాల, టీవీ చప్పుడు వస్తే లేస్తుంది. సబ్‌టైటిల్స్ ఉన్నాయి కదా, కథ అర్థమవుతోంది.

నరసాపురం_లేసు
దొరికింది.

అమ్మా, ఇది చెవులతో ఆడే ఆట. నా మాట నమ్మండి. ఎల్1 (కత్తితో అడ్డుకునే బటన్) నొక్కినప్పుడు రెండు రకాలుగా పడుతుంది. ముందే పట్టుకుని ఉంటే మామూలు బ్లాక్, మొద్దు చప్పుడు, చెక్క మీద కొట్టినట్టు. సరిగ్గా కత్తి తగిలే క్షణంలో నొక్కితే డిఫ్లెక్ట్ (దెబ్బను తిప్పికొట్టడం), ఖణేల్మంటుంది, గంట కొట్టినట్టు. నారింజ రంగు నిప్పులు కూడా పెద్దవి వస్తాయి కానీ ఆ గొడవలో కంటికి ఆనవు. చెవికి మాత్రం ఒక్కసారి వింటే చాలు. మీరు తొందరపడ్డారా, ఆలస్యం చేశారా అనేది ప్రతి దెబ్బకూ ఆ చప్పుడే చెబుతుంది. అది లేకుండా పన్నెండు రోజులు ఆడారంటే మీరు రెండు చేతులూ కట్టేసుకుని ఆడినట్టే.

ఎర్ర అక్షరానికీ ఒక చప్పుడు ఉంది, గుండె ఝల్లుమనేలా వస్తుంది. అక్షరం చూసి కదలబోతే ఆలస్యం అయిపోతుంది. చప్పుడు వినగానే చూపు అతని కత్తి మీదకు పోవాలి.

మా ఊళ్లో రామాలయం దగ్గర కోలాటం నేర్పేవారు, నేను ఏడేళ్లు ఆడాను. కొత్తగా చేరిన పిల్లలు ఎదుటివాళ్ల కర్రను చూస్తూ కొడతారు, ఎప్పుడూ అర తాళం వెనకే ఉంటారు. మాస్టారు వాళ్ల చేత కళ్లు మూయించి నిలబెట్టేవారు. తాళం విను, కర్ర అదే వస్తుంది అనేవారు. నిజంగానే వచ్చేది. గెనిచిరోతో ఆడేటప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అదే. అతని పెద్ద కాంబో ఉంది కదా, గిర్రున తిరుగుతూ వరసగా కొడతాడు, అందరూ భయపడేది దానికే. అది ఎప్పుడూ ఒకే తాళంలో వస్తుంది.  రెండు రోజులు వింటే నోటితో చెప్పగలరు. ఇప్పటికీ నేను దాన్ని గిన్నె మీద గరిటెతో వాయించగలను.

బెజవాడ_బటన్
వాయించి వీడియో పెట్టండి అక్కా, లైక్ నాది.

పాత_కంట్రోలర్
నరసాపురం గారు చెప్పిందానికి ఒక్క ముక్క కలుపుతాను. భయంతో ఎల్1 టకటకా నొక్కకండి. వరసగా నొక్కేకొద్దీ డిఫ్లెక్ట్ పడే సమయం కుంచించుకుపోతుంది. దెబ్బకు ఒక్కసారి. ఇంకోటి: మీ పోస్చర్ నిండిపోయి ఇక పగిలిపోతుంది అనిపించినా, సరిగ్గా డిఫ్లెక్ట్ చేసినంత వరకు మీది పగలదు. కాబట్టి బార్ చూసి పారిపోనక్కర్లేదు. ఖాళీ దొరికితే ఎల్1 పట్టుకుని నిలబడండి, అలా పట్టుకుంటే పోస్చర్ తొందరగా తగ్గుతుంది.

రాత్రి_పదకొండు
ఇవేవీ నాకు తెలియవు. బార్ నిండుతుంటే నేను పరిగెత్తేదాన్ని.

ఇయర్‌ఫోన్స్ పెట్టాలంటే టీవీకి ఆ రంధ్రం లేదు. బ్లూటూత్ కొనాలా?

స్వాతి_ఆర్1
ఏమీ కొనొద్దు. కంట్రోలర్ కిందివైపు మధ్యలో చూడండి, మామూలు ఫోన్ ఇయర్‌ఫోన్స్ పట్టే జాక్ ఉంటుంది. పెట్టాక సెట్టింగ్స్‌లో డివైసెస్, అందులో ఆడియో డివైసెస్, అక్కడ హెడ్‌ఫోన్స్‌కి వెళ్లేది ‘ఆల్ ఆడియో’ అని మార్చాలి. లేకపోతే చాట్ మాటలు తప్ప ఆట చప్పుడు రాదు. చాలామంది ఇక్కడే ఆగి జాక్ పాడైంది అనుకుంటారు.

ఆ పక్కనే టీవీ రిమోట్ తీసి పిక్చర్ మోడ్ ‘గేమ్’కి పెట్టండి. ఆ మోడ్ లేకుండా కొన్ని టీవీలు బొమ్మను దిద్దడానికే సమయం తీసుకుంటాయి, మీరు నొక్కింది ఆలస్యంగా కనిపిస్తుంది. ఈ ఆటలో ఆ కాస్త ఆలస్యం చాలు ప్రాణం పోవడానికి.

ఓరుగల్లు_కత్తి
పాప మధ్యలో లేస్తే ఎట్లా? ఈ ఆటల్లో పాజ్ ఉండదు కదా.

స్వాతి_ఆర్1
డార్క్ సోల్స్‌లో ఉండదు. సెకిరోలో ఉంది. ఆప్షన్స్ నొక్కితే ఆగిపోతుంది. గెనిచిరో గాల్లో ఉండగా ఆపి పాలు కలిపి వచ్చినవాళ్లున్నారు.

కరీంనగర్_కుడిచేయి
ఎవరికీ కోపం రాకపోతే ఒక మాట. ఇంత చదువు చదివితే గానీ దాటలేని చోట ఈజీ మోడ్ పెడితే వచ్చే నష్టమేంటి? నాకు బండి యాక్సిడెంట్‌లో కుడిచేయి మణికట్టు విరిగింది, రెండు వేళ్లు ఇప్పటికీ వేగంగా వంగవు. ఎంత తాళం విన్నా వేలు వెళ్లదు. చివరికి పీసీ మీద ఆట వేగం తగ్గించే మాడ్ (బయటివాళ్లు చేసిన మార్పు) పెట్టుకుని గెనిచిరోని దాటాను. అక్కడి నుంచి ఆట మొత్తం చూశాను, ఎంత అందంగా ఉందో. ఆ అందం నాలాంటివాళ్లకు దొంగదారిలోనే దొరకాలా?

బెజవాడ_బటన్
మాడ్‌తో గెలిస్తే గెలిచినట్టా అన్నా? కష్టమే కదా ఆ ఆట. 2019లో గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏడాది ఉత్తమ ఆటగా నిలిచింది, ఈజీ మోడ్ లేకుండానే.

నరసాపురం_లేసు
బెజవాడ తమ్ముడూ, ఆ మాట వద్దు. ఆయన రెండు వేళ్లు సరిగ్గా వంగకపోయినా ఆడి దాటారు. నీకూ నాకూ నాలుగు రోజుల్లో వచ్చింది ఆయనకు ఎన్ని రోజులకు వచ్చిందో మనకు తెలియదు. అవార్డు వచ్చింది ఆటకు, కష్టానికి కాదు.

పాత_కంట్రోలర్
నేను ఇద్దరితోనూ పూర్తిగా ఏకీభవించను. సెకిరోలో కత్తికి కత్తి తగలడమే కథ. దాన్ని తేలిక చేస్తే ఏం మిగులుతుందో అని నాకు నిజంగా భయం. కానీ వేగం తగ్గించినా తగలడం మాత్రం తగలాల్సిందే కదా, అందుకని కరీంనగర్ చేసింది ఆటను మోసం చేయడం అనను. వేగం తగ్గించే ఆప్షన్ లోపలే పెట్టి ఉంటే బాగుండేది.

కరీంనగర్_కుడిచేయి
అంతే అన్నా. నేను అడిగేదీ అదే.

బెజవాడ_బటన్
సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. సారీ అన్నా.

డాలస్_బావ
అందరూ పెద్ద పెద్ద మాటలు చెబుతుంటే నాకు వైస్ సిటీ అనే పాత ఆటలో ఆ బొమ్మ హెలికాప్టర్ మిషన్ గుర్తొస్తోంది. కట్టుబడిలో ఉన్న బిల్డింగ్‌లోకి బాంబులు మోసుకెళ్లేది. గుంటూరులో నెట్ సెంటర్‌కి డబ్బులు కట్టి, సీనియర్ ఒకాయన వెనక నిలబడి పై అంతస్తు ముందు పెట్టరా అని అరుస్తుంటే ఆడాను. మొదటి బాంబు ఎత్తేదాకా టైమర్ మొదలవదు, ముందు పనివాళ్లను రెక్కతో పడగొట్టు అని ఆయన చెప్పేదాకా మా బ్యాచ్‌లో ఎవరికీ తెలియదు. అప్పుడు వెనక నిలబడి చెప్పేవాళ్లు, ఇప్పుడు ఇలా రాసి చెబుతున్నారు.

ఓరుగల్లు_కత్తి
ఆ హెలికాప్టర్ గురించి వేరే చర్చ పెట్టు బావా, అందరం వస్తాం. ఇక్కడ అక్క సంగతి తేలనీ.

రాత్రి_పదకొండు
నిన్న ఇయర్‌ఫోన్స్‌తో ఆడాను. ఏం చెప్పమంటారు, వేరే ఆటలా ఉంది. నరసాపురం గారూ, ఆ ఖణేల్ మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. పన్నెండు రోజులుగా నేను డిఫ్లెక్ట్ అనుకుంటున్నవి సగానికి పైగా ఉత్త బ్లాకులే.

గెలవలేదు. రెండో ఫేజ్ మూడుసార్లు చివరిదాకా వెళ్లింది. దూకి కొట్టాక వచ్చేది మాత్రం ఇంకా తేలడం లేదు.

పాత_కంట్రోలర్
దాన్ని విడిగా చూడండి. దూకి నేల మీద కొడతాడు, ఆ దెబ్బను డిఫ్లెక్ట్ చేయండి లేదా పక్కకు జరగండి. తర్వాత ఒక్క అర సెకను ఉంటుంది. పొడుపు అయితే కత్తి మొన మీ వైపు పెట్టి చేతిని వెనక్కి లాగుతాడు. కోత అయితే ఒళ్లు కిందకు వంచి కత్తిని పక్కకు తీసుకెళ్తాడు. మొన కనిపిస్తే సర్కిల్ (మికిరి), ఒళ్లు వంగితే ఎక్స్ (ఎగరడం). కోత మీదుగా ఎగిరాక గాల్లోనే మళ్లీ ఎక్స్ నొక్కండి, అతని తల మీద తంతారు. పోస్చర్ చాలా పెరుగుతుంది.

ఒక రాత్రి గెలవాలని ఆడకండి. ఒకసారి చచ్చి మళ్లీ లేస్తారు కదా, ఆ రెండో ప్రాణంలో అసలు దెబ్బ వేయకండి. డిఫ్లెక్ట్ మాత్రమే. ఆ ఎర్ర అక్షరం వచ్చినప్పుడల్లా నోటితో పైకి చెప్పండి, పొడుపు, కోత అని. బటన్ తప్పు పడ్డా ఫర్వాలేదు, మాట సరిగ్గా రావాలి.

స్వాతి_ఆర్1
పాడుబడ్డ గుడి దగ్గర హాన్బెయ్ ఉంటాడు, చావులేనివాడు. అతన్ని అడిగితే డిఫ్లెక్ట్, మికిరి, కోత మీదుగా దూకడం విడివిడిగా ప్రాక్టీస్ చేయిస్తాడు. పడుకునే ముందు పది నిమిషాలు చాలు.

ఓరుగల్లు_కత్తి
దగ్గు వస్తోందని భయపడుతున్నావా అక్కా? నువ్వు చచ్చేకొద్దీ ఊళ్లోవాళ్లకు డ్రాగన్‌రాట్ అనే జబ్బు అంటుకుంటుంది. దాని వల్ల ఎవరూ చావరు, తర్వాత నయం చేయొచ్చు. నేను దానికే భయపడి వారం ఆట ముట్టలేదు.

రాత్రి_పదకొండు
చేతికి ఆయుధాలు బిగించే శిల్పి దగ్గుతుంటే నిజంగానే మనసు ఒకలా అయింది. థాంక్స్ తమ్ముడూ.

రాత్రి_పదకొండు
మూడో ఫేజ్ చూశాను!! పైబట్ట తీసేసి మెరుపుతో వచ్చాడు. ఒక్క మెరుపుకే పోయాను. అది ఎలా ఆపాలి?

బెజవాడ_బటన్
ఆపొద్దు అక్కా, పట్టుకుని తిరిగి ఇచ్చేయాలి. అతను మెరుపు పోగేసుకుని గాల్లోకి లేస్తాడు కదా, కొట్టే ముందు నువ్వూ ఎగురు. నేల మీద తగిలితే షాక్. గాల్లో తగిలితే నీ కత్తిలోకి వస్తుంది, కాళ్లు నేలకు ఆనకముందే ఆర్1 (కత్తి దెబ్బ బటన్) కొట్టు. తిరిగి అతనికే తగిలి కొయ్యబారిపోతాడు. మందు తాగాలంటే అప్పుడు తాగు, లేదా నాలుగు తగిలించు. ఎగరడం, ఆర్1, ఈ రెండే. మూడో ఫేజ్ అన్నిటికంటే తేలిక, అందరూ మొదటిసారి భయంతో చస్తారు.

డాలస్_బావ
ఇది కరెక్ట్. మూడోది వచ్చిందంటే అయిపోయినట్టే.

నరసాపురం_లేసు
గట్టిగా ఊపిరి పీల్చుకుని కూర్చోండి. భుజాలు కిందకు వదలండి.

రాత్రి_పదకొండు
అయిపోయింది.

రాత్రి పదకొండూ యాభై. మొదటి ఫేజ్‌లో మందు ఒక్కసారే తాగాను. రెండోదాంట్లో వెనక్కి ఒక్క అడుగు వేయలేదు, నరసాపురం గారి మాట ప్రకారం తాళం వింటూ నిలబడ్డాను. పెద్ద కాంబో వచ్చింది, మొత్తం వరసగా ఖణ్ ఖణ్ అని పడింది, ఏ దెబ్బా తప్పలేదు. నా వేళ్లే చేస్తున్నాయి, నేను చూస్తున్నాను, అలా ఉంది. అతను దూకాడు, ఎర్ర అక్షరం వచ్చింది, పొడుపు అని పైకే అనేశాను, మికిరి పడింది, కత్తిని కాలితో నేలకు తొక్కింది మా తోడేలు (ఆటలో మన పాత్ర పేరు). అప్పుడు పాప కదిలింది. ఆప్షన్స్ నొక్కి, ఉయ్యాల ఊపి, మళ్లీ వచ్చాను. చేతులు వణుకుతున్నాయి కానీ బిగుసుకోలేదు.

మూడో ఫేజ్‌లో మొదటి మెరుపుకు ఎగిరాను, ఆర్1 ఆలస్యమైంది, షాక్ కొట్టి ప్రాణం పోయింది. లేచాను. రెండో మెరుపు పట్టుకున్నాను. తిరిగి ఇచ్చాక అతను కొయ్యబారి నిలబడ్డాడు చూడండి, అప్పుడు మందు తాగలేదు, కొట్టుకుంటూనే పోయాను. పోస్చర్ నిండింది.

అరవడానికి లేదు. దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. పక్కగదిలో మా ఆయన లేచి వచ్చి ఏమైంది అన్నారు. గెలిచాను అన్నాను.

నరసాపురం_లేసు
నాకూ ఇక్కడ కళ్లు తడిశాయి తల్లీ.

కరీంనగర్_కుడిచేయి
శుభాకాంక్షలు అక్కా. దెబ్బ దెబ్బా చదివాను.

ఓరుగల్లు_కత్తి
చప్పట్లు. బలం పెంచుకోకుండానే కొట్టావు, నా సలహా వెనక్కి.

పాత_కంట్రోలర్
వెనక్కి ఒక్క అడుగు వేయలేదు అన్నారు చూడండి, ఆ వాక్యం కోసమే ఎదురుచూశాను.

రాత్రి_పదకొండు
అందరికీ పేరుపేరునా థాంక్స్. ఇప్పుడు ఎటు వెళ్లాలి? సెన్పో గుడి దారి ఒకటి, మునిగిన లోయ దారి ఒకటి కనిపిస్తున్నాయి.

స్వాతి_ఆర్1
ముందు సెన్పో గుడికి వెళ్లండి. శరదృతువు ఆకులు, కొండ, చాలా ప్రశాంతంగా ఉంటుంది. అక్కడి బాస్‌కి ఈ వేళ్ల వేగం అక్కర్లేదు, బుర్ర చాలు. కాస్త విశ్రాంతి.

బెజవాడ_బటన్
లోయలో కోతి దగ్గర మాత్రం తల తెగింది కదా అని కంట్రోలర్ కింద

స్వాతి_ఆర్1
బెజవాడా! ఆపు! ఆమెను ఆడనివ్వు.